లోవెల్‌కి నచ్చని స్ప్రింగు

సోమవారం పొద్దున్నే లోవెల్ బ్రెకీ తన రైఫిల్ తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది చెవిలో మోగుతోందయ్యా," అన్నాడు.

రాయ్స్ ఎల్డ్రిడ్జ్ నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. మార్లిస్ కొట్లో ముందు భాగమంతా దాణా బస్తాలు, ఉప్పు దిమ్మలు, రబ్బరు బూట్లు. వెనక కిటికీ పక్కనున్న ఆ బల్ల మాత్రం ఇరవై రెండేళ్ళుగా రాయ్స్‌ది. చుట్టూ నలభై మైళ్ళలో ఎవరి తుపాకీకి ఏ జబ్బు చేసినా ఇక్కడికే రావాలి. ఆ సంగతి అందరికంటే రాయ్స్‌కే ఎక్కువ తెలుసు.

"మోగడమంటే? పేలినప్పుడా?"

"పేలుడు కాదు. ఆ వెంటనే దవడ కింద ఝుంయ్‌మంటుంది. బాగా తన్నుతోంది కూడా. భుజం పట్టేస్తోంది."

రాయ్స్ నవ్వాడు. ఈ రకం రైఫిళ్ళకి అది పుట్టుకతో వచ్చిన గుణం. గుండు పేలగానే లోపలి బోల్టు వెనక్కి దూసుకొచ్చి, భుజానికి ఆనించే మడమలో ఉన్న గొట్టంలోకి దూరుతుంది. అక్కడ పొడుగాటి స్ప్రింగు ఒకటి, దాని కొసన బఫర్ అనే చిన్న బరువు దిమ్మ కాచుకుని ఉంటాయి. వచ్చిన బోల్టుని ఆపి మళ్ళీ ముందుకి తోసెయ్యడం ఆ రెండింటి పని. తోసేటప్పుడు స్ప్రింగు గొట్టం గోడలకి రాసుకుని మూలుగుతుంది. చెవులకి మూతలు పెట్టుకున్నవాడికి పేలుడు తగ్గుతుందిగానీ, చెంప మడమకి ఆనించి ఉంటుంది కనక ఈ మూలుగు ఎముక పట్టుకుని సరాసరి తలలోకి ఎక్కుతుంది. కొందరికి అది పట్టనే పట్టదు. కొందరికి ఒకసారి వినబడిందంటే ఇంక అదే వినబడుతూ ఉంటుంది.

"పది నిమిషాల పని. మార్లిస్ కాఫీ కలిపింది, తాగుతూ ఉండు. నీ కళ్ళముందే చేసిస్తాను."

"తొందరేం లేదు. ఉండనీ."

"అదేంటి, నీ ఆవులు ఈనుతున్నాయిగా? కయోటీ నక్కలు పశువులపాక చుట్టూనే తిరుగుతుంటాయి ఈ నెల. రైఫిల్ లేకుండా ఎట్లా?"

"కుక్క ఉందిలే." లోవెల్ చేతితొడుగులు వేసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇది ఆ ఇనప బీరువాలోనేగా పెడతావు? తాళం వేసేగా ఉంచుతావు?"

ఆ మాట రాయ్స్‌కి కాస్త గుచ్చుకుంది. "నా దగ్గర ఇంతవరకు ఒక్క మర మేకు కూడా పోలేదు," అన్నాడు. లోవెల్ తలూపి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రాయ్స్ పని మొదలుపెట్టాడు. చిన్న చీలని వేలితో నొక్కిపట్టి బఫర్‌ని బయటికి లాగాడు. వెనకాలే స్ప్రింగు కూడా వచ్చింది, నల్లటి జిడ్డు, గడ్డిపొట్టు పట్టుకుని. బఫర్‌ని ఉత్తరాలు తూచే తక్కెడలో పెడితే మూడు ఔన్సులు తూగింది. మరీ తేలిక. దాని స్థానంలో అయిదు ఔన్సులది పెట్టాడు. గుండ్రటి తీగ స్ప్రింగు తీసేసి, చదును తీగతో చుట్టిన స్ప్రింగు ఎక్కించాడు. కర్రపుల్లకి గుడ్డ చుట్టి గొట్టం లోపల నున్నగా తుడిచి, పల్చగా గ్రీజు రాశాడు. కొట్టు వెనక మట్టికట్ట ఉంది. అక్కడ నిలబడి ఒక్కో గుండే పెట్టి కాల్చాడు. గుండు అయిపోయాక బోల్టు వెనక నిలబడిపోవాలి. నిలబడకపోతే బరువు ఎక్కువైనట్టు. అయిదుసార్లు కాలిస్తే అయిదుసార్లూ నిలబడింది. మూలుగు సగానికి సగం పోయింది. ఎవడైనా ఇంతకంటే ఏం అడుగుతాడు?

లోవెల్ అడిగాడు. మంగళవారం వచ్చి, "నువ్వు కాల్చు, నేను వింటాను," అన్నాడు.

"పక్కన నిలబడితే ఏం వినబడుతుందయ్యా, నా మొహం! చెంప ఆనిస్తేనే తెలిసేది. పట్టు."

లోవెల్ రైఫిల్ అందుకున్నాడు. పొయ్యి మీంచి దించిన గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక్క గుండు కాల్చి, వెంటనే తిరిగి రాయ్స్ చేతుల్లో పెట్టేశాడు.

"ఇంకా ఉంది," అన్నాడు.

"ఎక్కడుంది?"

"ఉంది. తన్ను కూడా తగ్గలేదు." అతను మట్టికట్ట వైపు చూస్తున్నాడుగానీ రాయ్స్ వైపు చూడటం లేదు. "ఇంకేదైనా రకం ఉంటే చూడు. ఎన్నాళ్ళయినా ఫర్వాలేదు."

రాయ్స్‌కి పట్టుదల వచ్చింది. పట్టుదల వచ్చినప్పుడు అతను ఈల వేస్తాడు. ఆ సాయంత్రమంతా ఈల వేస్తూనే ఉన్నాడు. తన సొంత రైఫిల్లోంచి ఏడాది కిందట తను ముచ్చటపడి తెప్పించుకున్న సరంజామా ఊడదీశాడు. అందులో స్ప్రింగు ఒక ఉక్కు కడ్డీకి దండలా గుచ్చి ఉంటుంది. రెండు కొసలా బిగించి ఉంటుంది కనక గొట్టానికి తగలనే తగలదు, మూలిగే అవకాశమే లేదు. ముందు కొసన చిన్న చిన్న బరువు బిళ్ళలు మార్చుకోవచ్చు. నాలుగు బిళ్ళలు పెడితే తన్ను మెత్తబడిందిగానీ, చలికి బోల్టు సగందాకా వచ్చి ఆగిపోయింది. ఒకటి తీసేశాడు. ఈసారి కాల్చిన ప్రతిసారీ నిలబడింది. మూడు బిళ్ళల దగ్గర ఆ రైఫిల్ భుజం మీద చెయ్యి వేసినట్టు తోసింది, అంతే.

"మార్లిస్, నువ్వూ ఒకసారి కాల్చి చూడు," అని కేకేశాడు.

"నేను దాణా తూచాలి," అంది మార్లిస్ అటునించి. ఆమెకి డెబ్భై దగ్గరపడుతోంది, కొట్టు ఆమెది. "ఇంకా అతని రైఫిలేనా? మంచిదే. తీరిగ్గా చెయ్యి."

బుధవారం పొద్దున లోవెల్ దాన్ని కాల్చి, మూత తీసి చెవి గోక్కుని, "కొంచెం ఉన్నట్టే ఉంది," అన్నాడు.

రాయ్స్ ఈల ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం కేఫ్‌లో బుధవారం మామూలే, మాంసం, చిక్కుళ్ళు వేసి వండిన చిల్లీ గిన్నె, పక్కన దాల్చినచెక్క రొట్టె. రాయ్స్ ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర మరో నలుగురితో కూర్చుని రొట్టెని చిల్లీలో ముంచుతూ, మూడు రోజుల కథ మొదట్నించీ చెప్పాడు. చెప్పే కొద్దీ రుచి ఎక్కింది. చదును తీగ అయింది, ఉక్కు కడ్డీ అయింది, ఇంక ఆ స్ప్రింగుకి ఉన్ని టోపీ అల్లి తొడగాలి కాబోలు అన్నాడు. నలుగురూ నవ్వారు. దాంతో ఇంకో అడుగు ముందుకేశాడు.

"పెళ్ళాం పాతికేళ్ళు మొత్తుకుంటే ఒక్క ముక్క చెవిన పడలేదు పెద్దమనిషికి. ఇప్పుడు స్ప్రింగు గుసగుసలాడితే మాత్రం నిద్రపట్టడం లేదట!"

ఈసారి బల్ల చరిచి నవ్వారు. లోవెల్ భార్య ట్వైలా పండగ వెళ్ళిన మర్నాడే బట్టలు సర్దుకుని బిల్లింగ్స్ పట్నంలో అక్క ఇంటికి వెళ్ళిపోయిందని ఆ నలుగురికీ తెలుసు. నవ్వుతూ నవ్వుతూ ఒకడు చప్పున ఆగి రొట్టె మీదికి వంగాడు. రాయ్స్ తల తిప్పి చూశాడు. గుమ్మం పక్క ఎత్తు స్టూలు మీద లోవెల్ కూర్చుని ఉన్నాడు. ముందున్న రొట్టె కొరకలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

లోవెల్ కూడా నవ్వాడు. "నిజమేలే," అన్నాడు. డబ్బులు కప్పు కింద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"సరదాకన్నాను," అన్నాడు రాయ్స్ ఎవరితోనో. చిల్లీ చల్లారిపోయింది. ఒకరోజు అతన్ని పిలిచి బీరు ఇప్పిస్తే సరిపోతుందనుకున్నాడు. మనసు మాత్రం బాగోలేదు.

బాగోలేని మనసుకి రాయ్స్‌కి తెలిసిన మందు ఒక్కటే, పని. సాయంత్రం రైఫిల్ మళ్ళీ విప్పాడు. కడ్డీ వెనక కొస గొట్టం అడుగుకి తగిలే చోట సన్నటి రబ్బరు బిళ్ళ అతికాడు. బోల్టు రాసుకునే పట్టాలు నున్నటి రాయితో అరిగీ అరగనట్టు రుద్దాడు. చెంప ఆనించి, చెయ్యితో బోల్టు లాగి వదిలాడు. చప్పుడు లేదు. పది సార్లు వదిలాడు. ఏదీ లేదు. ఇలాంటి పని తను మళ్ళీ చెయ్యలేడని అతనికి తెలిసిపోయింది. కేఫ్‌లో అన్నదానికి ఇదే క్షమాపణ అనుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

గురువారం గాలి గట్టిగా ఉంది. మంచు పొడి నేల మీద పాకుతోంది. లోవెల్ రెండు గుళ్ళు కాల్చాడు. రైఫిల్ దించి కాసేపు దాన్నే చూశాడు.

"పోయింది," అన్నాడు.

"నిజంగా? మొహమాటానికి చెప్పడం లేదుగా?"

"లేదు. చప్పుడే లేదు. తన్నడం లేదు. బాగా చేశావు."

రాయ్స్ పొంగిపోయాడు. ఎవరు తెచ్చిన తుపాకీ వాళ్ళ చేతికే ఇచ్చి సంతకం పెట్టించుకోవాలని చట్టం. చిట్టా తెరిచి వేలితో చోటు చూపించాడు. లోవెల్ చేతితొడుగు తియ్యకుండానే సంతకం పెట్టాడు. చలికి అనుకున్నాడు రాయ్స్.

"నిన్న నేనన్న మాట..."

"ఏ మాట?" అన్నాడు లోవెల్. రైఫిల్‌ని సంచిలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "ఇంక దీనికి చెయ్యాల్సిందేం లేదా?"

"ఏమీ లేదు. ఇంక నువ్వు పోయేదాకా దీని జోలికి పోనక్కర్లేదు."

"సరే మరి."

రాయ్స్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు, చేసిన పని చేతిలోంచి వెళ్ళిపోతుంటే ఎవరైనా చూస్తారు. లోవెల్ రైఫిల్‌ని ముందు సీట్లో పెట్టలేదు. బండి వెనక తొట్టిలో, ఇనప గొలుసుల మధ్య పడేసి, మీద టార్పాలిన్ కప్పాడు. దాని మీద మేకుల పెట్టె ఎక్కించాడు. మూడు రోజులు వంక పెట్టి చేయించుకున్న రైఫిల్‌ని మంచులో అట్లా పడెయ్యడమేమిటి? రాయ్స్‌కి అర్థం కాలేదు, ఒళ్ళు మండింది.

మార్లిస్ రైల్వే గిడ్డంగి నించి సరుకు దింపించుకుని వచ్చేసరికి పదిన్నరయింది. కోటు విప్పకుండానే బీరువా వైపు చూసింది.

"లోవెల్ రైఫిలేది?"

"తీసుకెళ్ళాడు. ఒప్పుకున్నాడు చివరికి! చప్పుడు లేదన్నాడు."

"ఇచ్చేశావా?"

"అయిపోయింది, ఇవ్వకేం చేస్తాను?"

మార్లిస్ దాణా బస్తా మీద కూలబడింది. "నువ్వు తెలిసే సాగదీస్తున్నావనుకున్నానురా నాయనా. రోజుకో స్ప్రింగు మారుస్తుంటే, పోనీలే, వీడికీ కాస్త బుర్ర ఉందనుకున్నాను."

"తెలిసి ఏంటి? ఏం తెలిసి?"

"మా తమ్ముడు పశువుల మందంతా అమ్ముకున్న సంవత్సరం, ఇంట్లో ఉన్న తుపాకులు మూటగట్టి తెచ్చి నా మంచం కింద పెట్టాడు. ఇంట్లో చెమ్మగా ఉందక్కా, తుప్పు పడతాయి, కొన్నాళ్ళు ఉంచు అన్నాడు. చెమ్మట! ఆ ఏడు ఈ జిల్లాలో చుక్క వాన పడలేదు. నేనేమీ అడగలేదు. చలికాలం దాకా ఉంచుకున్నాను." ఆమె బీరువా వైపు చెయ్యి చూపించింది. "ఇప్పుడు లోవెల్ పెళ్ళాం వెళ్ళిపోయింది. నక్కలు తిరిగే రోజుల్లో రైఫిల్ తెచ్చి నీ దగ్గర పెట్టి, తాళం వేస్తావా అని అడిగాడు. తను ఏం చేసుకుంటాడోనని తనకే భయంగా ఉండి తెచ్చాడు. ఇంకెట్లా చెప్తాడు రాయ్స్? మీ మగాళ్ళు ఇంకెట్లా చెప్తారు?"

పోయేదాకా దీని జోలికి పోనక్కర్లేదు అని తన నోటితో తను అన్న మాట రాయ్స్‌కి అప్పుడే కొత్తగా విన్నట్టు వినిపించింది. ఫోన్ తీసి లోవెల్ నంబరు నొక్కాడు. అటు మోగి మోగి ఆగిపోయింది.

"షెరీఫ్‌కి చెప్దామా?"

"ఏమని? మనిషి తన తుపాకీ తను తీసుకెళ్ళాడనా? ఆయన వాకిట్లో బండి ఆపి బాగున్నావా లోవెల్ అంటాడు. ఇతను బాగున్నాను అంటాడు. ఆయన టోపీ ఎత్తి వచ్చేస్తాడు." మార్లిస్ అతని కోటు తీసి విసిరింది. "నువ్వే వెళ్ళు."

పన్నెండు మైళ్ళ కంకర రోడ్డు. రాయ్స్ ఎంత తొక్కినా బండి నడవడం లేదనిపించింది. వెళ్ళి ఏమనాలి? ఎన్ని విధాలుగా అనుకున్నా ప్రతి మాటా నోట్లో పెట్టుకోగానే ముద్దయిపోయింది. లాక్కోవడానికి అది తనది కాదు. అడగడానికి ఏ హక్కూ లేదు. నిన్న మధ్యాహ్నం అతన్ని నలుగురిలో నవ్వులపాలు చేసిన నోరు, ఇవాళ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

లోవెల్ బండి పాక ముందు ఆగి ఉంది. తొట్టి వైపు చూసే ధైర్యం చాలక రాయ్స్ ముందు పాకలోకి వెళ్ళాడు. లోవెల్ మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడే పుట్టిన దూడని గడ్డి చేత్తో పట్టుకుని రుద్దుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. రాయ్స్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఏంటిట్లా వచ్చావు?" అన్నాడు లోవెల్.

"తప్పు చేశాను."

"ఏం తప్పు?"

"ఆ స్ప్రింగు." రాయ్స్ దూడ వైపు చూస్తూ అన్నాడు. "అది నీ రైఫిల్‌కి సరిపడేది కాదు. నాది పెట్టాను, సరిగ్గా చూసుకోలేదు. చలికి కడ్డీ పట్టేస్తుంది. నా పని చెడింది లోవెల్. వెనక్కి తీసుకెళ్ళాలి."

ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర ఎవరితోనూ అనని మాట అది.

"పొద్దున బాగానే కాలిందిగా."

"ఏదో అదృష్టం."

"నీ చేతిలో పని చెడిందని నేనెప్పుడూ వినలేదే."

"ఇప్పుడు విన్నావుగా! చెడగొట్టానని నేనే చెప్తుంటే నమ్మవేం?" గొంతు పెద్దదయింది. దూడ ఉలిక్కిపడింది. లోవెల్ దాని మెడ నిమిరి, ముక్కులోంచి జిగట వేలితో తీసి పారేశాడు. ఆవు మూతి పెట్టి దూడని నాకడం మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు లోవెల్, తలెత్తకుండానే.

"సామాను రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను. పచ్చిక మొలిచేదాకా పట్టొచ్చు. ఇంకా ఆలస్యం కూడా కావచ్చు."

"బండిలోనే ఉంది. తీసుకో."

రాయ్స్ మేకుల పెట్టె జరిపి, టార్పాలిన్ ఎత్తి, సంచి తీసి తన బండిలో పెట్టుకున్నాడు. లోవెల్ వెనకాలే వచ్చి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పాలి. మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండు, ట్వైలాకి ఫోన్ చెయ్యి, ఎవరైనా డాక్టరుకి చూపించుకుందాం పద. ఇవన్నీ రాయ్స్ గొంతులో వరసగా నిలబడ్డాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఆదివారం భోజనానికి రా," అన్నాడు.

"చూద్దాం."

"నిన్న కేఫ్‌లో కుక్క కూత కూశాను."

"వదిలెయ్." లోవెల్ ఇంటి వైపు చూశాడు. "ఒక్క నిమిషం ఆగు," అని గబగబా లోపలికి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకుంది. రాయ్స్ వాకిట్లో ఒక్కడే మిగిలాడు. వెంట వెళ్ళకుండా తను ఎందుకు ఆగిపోయాడో అతనికి తెలియలేదు. ఒకరి ఇంట్లోకి పిలవకుండా అడుగుపెట్టకూడదని ఒంట్లో పాతుకుపోయింది కాబోలు. గాలికి రేకు ఒకటి టపటపా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు మధ్య ఇంకే చప్పుడు వస్తుందోనని చెవులన్నీ ఇంటికే పెట్టి, ఊపిరి బిగబట్టాడు. రెండు మెట్లు ఎక్కి తలుపు గుబ్బ మీద చెయ్యి వేసేసరికి అదే తెరుచుకుంది.

లోవెల్ చేతిలో పాత తువ్వాలు మూట ఉంది. రాయ్స్ చేతుల్లో పెట్టాడు. విప్పితే నల్ల రివాల్వరు.

"దీని సిలిండరు కూడా పట్టేస్తోంది," అన్నాడు లోవెల్. "చూసిపెట్టు."

రాయ్స్ సిలిండరు పక్కకి తీశాడు. ఆరు గదుల్లోనూ గుళ్ళున్నాయి. ఒక్కొక్కటే అరచేతిలోకి దులిపి కోటు జేబులో వేసుకున్నాడు. తర్వాత బొటనవేలితో సిలిండరుని తిప్పాడు. నూనె పెట్టిన చక్రంలా, ఎక్కడా అడ్డు లేకుండా, మెత్తగా తిరుగుతూనే ఉంది. ఇంత బాగా చూసుకున్న రివాల్వరు అతను ఈమధ్య చూడలేదు.

"అవును," అన్నాడు. "బాగా పట్టేస్తోంది. ఇది కూడా చాలా రోజులు పడుతుంది."

"ఇంతే," అన్నాడు లోవెల్. "ఇంట్లో ఇంకేం లేవు."

మూట బండిలో పెట్టుకుని రాయ్స్ బయల్దేరాడు. లోవెల్ ఏ రోజు వచ్చి నా సామాన్లు ఇవ్వమన్నా, చిట్టా తెరిచి, సంతకం పెట్టించుకుని, ఆ రెండూ అతని చేతికే ఇవ్వాలి. ఎందుకని అడగడానికి లేదు. గేటు దాటాక బండి ఆపి వెనక్కి చూశాడు. లోవెల్ మెట్ల మీదే, టోపీ లేకుండా, ఆ గాలిలో నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోవడానికి కాలు ఆడలేదు, వెనక్కి తిప్పితే ఏం చెప్పాలో తోచలేదు. రాయ్స్ ఇంజను ఆపేసి అక్కడే కూర్చున్నాడు.